పల్లెపటము – జామినీ రాయ్ చిత్రకళ

కలకత్తా మహానగరమున కాపురముండు తెలుగువారిలో కాళీఘాటునకు పోనివారు అరుదు. అమ్మవారి దర్శనము చేసికొని, ప్రసాదము చేతపట్టి తిరిగి వచ్చునప్పుడు, ఆ ఆలయపు వీధులలోనే భారతీయ చిత్రకళాచరిత్రలో ఒక అధ్యాయము నడచినదను సంగతి మాత్రము పలువురకు స్ఫురింపదు. పందొమ్మిదవ శతాబ్దమున ఆ పరిసరములలో పటువాలు అను చిత్రకారుల కుటుంబములు నివసించెడివి. పల్లెలనుండి వలస వచ్చిన ఈ పటువాలు మరకాగితముపై దేవతామూర్తులను, పట్టణపు బాబుల విలాసములను, నొసట నామము దిద్దుకొని నోట రొయ్యను కరచుకొన్న దొంగసన్యాసి పిల్లిని కొలది కుంచె విసురులతో చిత్రించి, స్వల్పమైన వెలకు యాత్రికులకు అమ్మెడివారు. యాత్రికుడు ఆ పటమును ఇంటికి కొనిపోయి గోడకు అంటించుకొనెడివాడు. కొంతకాలమునకు అచ్చుయంత్రములపై ముద్రింపబడిన రంగుబొమ్మలు అంతకంటె చవుకగా బజారునకు వచ్చెను. ఇరువదవ శతాబ్దపు ఆరంభమునకు పటువాల వృత్తి దాదాపుగా అడుగంటెను.

అట్లు అడుగంటిన వృత్తిలోని రేఖను, రంగును, చవుకదనమును గూడ తిరిగి చేపట్టినవాడు పటువా కులమున పుట్టినవాడు కాడు. ప్రభుత్వ చిత్రకళాశాలలో పాశ్చాత్య పద్ధతిని క్షుణ్ణముగా అభ్యసించి, తైలవర్ణ చిత్రములతో పేరును ధనమును గడించిన జామినీ రాయ్ ఆ పనికి పూనుకొనెను. ఆయన చరిత్రను ఒక శైలి చరిత్రగా మాత్రమే చెప్పుట పరిపాటి. కాని ఆ శైలివెనుక మరియొక ప్రశ్న కలదు. చిత్రము ఎవరికొరకు? ఎవరి యింటి గోడకొరకు? ఎంత వెలకు? ఈ ప్రశ్నకు ఆయన తన కుంచెతోను, తన జీవనవిధానముతోను చెప్పిన సమాధానమే ఆయన శైలి.

జామినీ రాయ్ 1887వ సంవత్సరము ఏప్రిల్ 11వ తేదీన బంకూరా జిల్లాలోని బేలియాతోడ్ గ్రామమున జన్మించెను. వంగదేశమునకు పశ్చిమపుటంచున నున్న ఈ జిల్లా గంగాతీరపు పచ్చని వరిభూములవంటిది కాదు. ఎఱ్ఱమట్టి, సాలవృక్షముల అడవులు, సంతాలుల గూడెములు అచటి లక్షణములు. మల్లరాజుల రాజధానియైన విష్ణుపురము ఆ జిల్లాలోనిదే. మల్లరాజులు అచట ఇటుకతోను, ఎఱ్ఱరాతితోను ఆలయములు కట్టించి, ఇటుక ఆలయముల గోడలపై కాల్చిన మట్టిపలకలలో రామాయణ భారత కథలను, కృష్ణలీలలను తీర్పించిరి. పాంచ్‌మురా గ్రామపు కుమ్మరులు చేయు నిలువు మెడల మట్టిగుఱ్ఱములు గ్రామదేవతల చెట్లక్రింద మ్రొక్కుబడిగా నిలుచుట ఆ సీమలో నేటికిని కాననగును. బాల్యమున జామినీ రాయ్ కన్నులకు పరిచయమైన శిల్పము ఇదియే. తండ్రి రామతారణ్ రాయ్ ప్రభుత్వోద్యోగమును విడిచి గ్రామమున స్థిరపడినవాడు. చిత్రరచనయందు అభిరుచి గలవాడు. ఉద్యోగమునకై పల్లెను విడిచి పట్టణము చేరుట లోకసామాన్యము. ఉద్యోగమునే విడిచి పల్లె చేరిన తండ్రికి ఈ చిత్రకారుడు కుమారుడగుట గమనింపదగినది.

1903లో, పదునారేండ్ల ప్రాయమున, ఆయన కలకత్తాకు వచ్చి ప్రభుత్వ చిత్రకళాశాలలో చేరెను. అప్పటికి ఆ విద్యాలయము ఒక పెద్దచర్చకు నెలవై యుండెను. అధ్యక్షుడైన ఇ. బి. హావెల్ భారతీయ విద్యార్థులు గ్రీకు విగ్రహముల నకళ్లను చూచి గీయుటకంటె, తమ దేశపు మొగలు రాజపుత్ర చిత్రములనుండి నేర్చుకొనుట మేలని వాదించెను. ఆయన ప్రోత్సాహముననే 1905లో అవనీంద్రనాథ ఠాకూరు ఆ విద్యాలయమున ఉపాధ్యక్షుడయ్యెను. అజంతా, మొగలు, జపాను రీతులను మేళవించి అవనీంద్రుడు నడపిన మార్గమే వంగీయ చిత్రకళాసంప్రదాయమని పేరు పొందినది. ఆ వెలుగు తెలుగుదేశమునకును ప్రసరించెను. 1910లో స్థాపింపబడిన బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు చిత్రకళను బోధించెను. ఆయన శిష్యులలో అడివి బాపిరాజు ఒకడు. కావున వంగచిత్రకళ యనగానే తెలుగువారికి ముందుగా తోచునది అవనీంద్రుని మార్గమే. ఆ విద్యాలయముననే చదివి, ఆ గురువు నీడననే పెరిగియు, జామినీ రాయ్ పట్టిన త్రోవ వేరు.

మొదట ఆయన పట్టినది జీవనోపాధి త్రోవ. విద్యాలయమున నేర్చిన తైలవర్ణ పద్ధతిలో ఆయన మనుష్యుల రూపచిత్రములను వ్రాసెను. సంపన్నుల గృహములలో తాతతండ్రుల చిత్రములను వ్రేలాడదీసికొనుట అప్పటి కలకత్తాలో ఒక మర్యాద. ఛాయాచిత్రమును చూచి నిలువెత్తు తైలచిత్రమును పోలిక చెడకుండ దింపగల నేర్పరికి పనికి కొదువ లేదు. ఆయన చేయి ఆ పనియందు మిక్కిలి సమర్థమైనది. వెలుగునీడల సూక్ష్మము, వస్త్రపు మడతల మెఱుగు, చర్మపు ఛాయ అన్నియు ఆయనకు సాధ్యములే. వాన్‌గో మొదలగు ఐరోపా చిత్రకారుల రీతిని గూడ ఆయన అభ్యసించి చూచెను. రానివాడు విడిచిపెట్టుట ఒకటి, వచ్చినవాడు విడిచిపెట్టుట వేరొకటి. జామినీ రాయ్ తరువాత విడిచినది తనకు చక్కగా వచ్చిన విద్యను.

1920వ దశకపు మొదటి సంవత్సరములలో ఆయన చిత్రములలోనికి సంతాలు స్త్రీలు ప్రవేశించిరి. జడలో పూవు దురుముకొని నిలుచున్న స్త్రీ, బిడ్డను చంకనెత్తుకొన్న తల్లి, మద్దెల వాయించు పురుషుడు – వీరిని ఆయన కొలది రేఖలలో, విశాలమైన వర్ణపు పొరలలో నిలిపెను. కాని విషయము పల్లెదైనను చూపు పట్టణపుదేయని ఆయనకు తోచియుండవలెను. పల్లెవారిని చిత్రించుట వేరు, పల్లెవారు చిత్రించినట్లు చిత్రించుట వేరు. దశకము సగమగునప్పటికి ఆయన కాళీఘాటు పటములవైపు తిరిగెను. తైలవర్ణములను ప్రక్కకు నెట్టి, దీపపు మసితో చేసిన నలుపును కుంచెకెత్తి, మధ్యలో ఆపక ఒకే ఊపున సాగు రేఖతో స్త్రీమూర్తులను దింపెను. వంగిన వీపు, గుండ్రని భుజము, జారిన చీరచెఱగు – అన్నియు ఆ యొక్క రేఖయే చెప్పెను.

ఇచ్చటితో ఆయన నిలిచిపోయినయెడల కాళీఘాటు రీతికి మంచి వారసుడని మాత్రమే చరిత్ర చెప్పుకొనెడిది. కాని ఆయన ఆ రీతిని గూడ ప్రశ్నించెను. కాళీఘాటు పటువా పల్లెనుండి వచ్చినవాడే యైనను, పట్టణపు కొనుగోలుదారుని అభిరుచికి లోబడి తన పల్లెదనమును కొంత పోగొట్టుకొనెనని ఆయన తలంపు. అందుచే ఆయన మరింత వెనుకకు, తన బంకూరా జిల్లా పల్లెలకే మరలెను. గ్రామములలో తిరిగి పటములను సేకరించెను. పటువాలు రంగు నూఱు విధమును, జిగురు కాచు విధమును చూచెను. విష్ణుపురపు మట్టిపలకలలో మూర్తులు వరుసదీరి నిలుచు తీరును, మట్టిబొమ్మలలో అనవసరమైన దంతయు తొలగి ఆకారము మాత్రమే మిగులు తీరును ఆయన రేఖలలోనికి వచ్చెను.

ఆ కాలమున ఏర్పడిన శైలియే నేడు చూచినవెంటనే ఆయనదని గుర్తింపబడుచున్నది. మూర్తిచుట్టును దళసరి రేఖ. లోపల నీడలేని నిండు రంగు. చెవులవరకు సాగిన చేపవంటి కన్నులు, అనేక చిత్రములలో ఆ కన్నులకు పాపలు గూడ లేవు. వెనుక కొండ లేదు, చెట్టు లేదు, దూరము లేదు. అంచున ఆకుల వరుసయో, చుక్కల వరుసయో. రంగులు సాధారణముగా ఏడు మాత్రమే: కావివన్నె, పసుపుమట్టివన్నె, ఆకుపచ్చ, ఇంగిలీకపు ఎఱుపు, బూడిదవన్నె, నీలము, తెలుపు. మట్టినుండియు, చెట్టుచేమలనుండియు, ఖనిజములనుండియు లభించు ఈ రంగులను ఆయన చింతగింజల జిగురుతో కలిపెడివాడు. సీమనుండి దిగుమతియగు కాన్వాసునకు బదులు గుడ్డ, చాప, చెక్క, సున్నము పూసిన పలక ఆయనకు ఆధారములయ్యెను. చిత్రములలో మనకు కనబడువారు తల్లియు బిడ్డయు, పూజకు బయలుదేరిన ముగ్గురు స్త్రీలు, కృష్ణబలరాములు, గోపికలు, వైష్ణవ కీర్తనకారులు, కమ్మరి, ఆవు, ఏనుగు, పిల్లి. తరువాతి కాలమున యేసుక్రీస్తును గూడ ఆయన ఈ రేఖలోనే చిత్రించెను. ఆ క్రీస్తు బంకూరా పల్లెలో పుట్టినవానివలెనే యుండెను.

1929లో ప్రభుత్వ చిత్రకళాశాలలో, ముకుల్ డే అధ్యక్షుడుగా నున్నప్పుడు, ఈ చిత్రముల ప్రదర్శనము జరిగెను. 1931లో బాగ్‌బజారులోని తన చిన్న యింటనే ఆయన మరియొక ప్రదర్శనమును ఏర్పాటుచేసెను. నేలపై ముగ్గులు వేయించి, కుర్చీలకు బదులు క్రింద ఆసనములు పరపించి, ప్రమిదలు వెలిగించి, ధూపము వేయించి, ఒక గదిలో తన చిత్రములతోపాటు నిజమైన పల్లెపటములను గూడ ఉంచెను. వచ్చిన పెద్దలు నేలపై కూర్చుండి చిత్రములను చూడవలసివచ్చెను. ఇది అలంకారప్రీతి యని కొందరికి తోచవచ్చును. కాని చిత్రము చట్టములో బిగించి వ్రేలాడదీయు విలాసవస్తువు కాదనియు, ఇంటి ముగ్గువంటిది, పూజగది పటమువంటిదనియు చెప్పుటకు ఆయన ఎన్నుకొన్న పద్ధతి అదియే.

ఆ మాటను ఆయన ఆచరణలో మరికొంత దూరము నడపెను. ఆయన యిల్లు క్రమముగా పటువాల యింటివలె పనిశాలయయ్యెను. కుమారులు, కుటుంబమువారు రంగులు సిద్ధముచేయుటలోను, రేఖలు నింపుటలోను పాలుగొనిరి. ఒకే చిత్రమును పదిమార్లు, ఇరువదిమార్లు వ్రాయుట ఆయనకు సిగ్గు కాదు. కుమ్మరి ఒకే కుండను జీవితమంతయు చేయును, ఆలయశిల్పి ఒకే మూర్తిని మరల మరల చెక్కును, అట్లే పటువాయు. ఒక్కటే యుండుటవలన చిత్రమునకు విలువ వచ్చునను భావమును ఆయన ఒప్పుకొనలేదు. వెలను గూడ తక్కువగానే ఉంచెను. నెలజీతముపై బ్రతుకు గుమాస్తాయు, బడిపంతులును తన చిత్రమును కొని గోడకు తగిలించుకొనగలుగవలెనని ఆయన కోరిక. కలకత్తా మధ్యతరగతి యిండ్లలోనికి ఆయన చిత్రములు అట్లే ప్రవేశించెను. కార్యాలయములలో పనిచేయువారి కుటుంబములకు ఈ విషయము ప్రత్యేకముగా చెప్పదగినది. చిత్రకారుడొకడు తన వెలను వారి జీతమునుబట్టి నిర్ణయించుట తఱచుగా జరుగునది కాదు.

1940వ దశకమున ఆయన కీర్తి విస్తరించెను. సుధీంద్రనాథ దత్తు, విష్ణు దే వంటి కవులు ఆయనకు సన్నిహితులైరి. విష్ణు దేయు, జాన్ ఇర్విన్ అను ఆంగ్లేయుడును కలిసి ఆయన కళపై వ్రాసిన గ్రంథము 1944లో వెలువడెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున కలకత్తాలో విడిసిన ఆంగ్ల, అమెరికా సైనికులు ఆయన యిల్లు వెదకుకొనుచు వచ్చి చిత్రములను కొనిపోయిరి. 1946లో లండనునందును, 1953లో న్యూయార్కునందును ఆయన చిత్రములు ప్రదర్శింపబడెను. పల్లెగోడకొరకు పుట్టిన రేఖ సముద్రములు దాటెను.

ఈ కీర్తిమధ్యనే ఆయనపై గట్టి విమర్శయు పుట్టెను. 1943లో వంగదేశమున ఘోరమైన కరవు వచ్చెను. ముప్పది లక్షలవరకు ప్రజలు మరణించిరని చరిత్రకారుల అంచనా. పల్లెలనుండి వచ్చిన బీదలు కలకత్తా వీధులలో గుక్కెడు గంజికై ఇంటింట అర్థించి, కాలిబాటలపైననే ప్రాణములు విడిచిరి. జైనుల్ ఆబెదీన్ ఆ దృశ్యములను నల్లసిరాతో గీసెను. చిత్తప్రసాద్ మేదినీపురపు పల్లెలలో తిరిగి తాను చూచినదానిని చిత్రించి, వ్రాసి, పుస్తకముగా వెలువరింపగా ప్రభుత్వము ఆ ప్రతులను వశపరచుకొనెను. ఆ 1943లోనే యువచిత్రకారులు, శిల్పులు కలకత్తా గ్రూపు అను సంఘముగా ఏర్పడి, పాతకథలను విడిచి వర్తమానమును చిత్రింపవలెనని పలికిరి. కాని జామినీ రాయ్ పల్లెలో ఆకలి కానరాదు; అప్పు లేదు, జమీందారు లేడు, ఎండిన చేను లేదు. తల్లి చంకలోని బిడ్డ నిండుగానే యున్నది. పల్లెనే తన కళకు ప్రాణముగా చెప్పుకొన్నవాడు పల్లె చచ్చుచుండగా చూడలేదా యని విమర్శకులు అడిగిరి.

ఈ ప్రశ్న న్యాయమైనది. దీనిని తేలికగా త్రోసిపుచ్చరాదు. ఆయన పక్షమున చెప్పదగిన మాట ఒకటి కలదు. పటువా వార్తను వ్రాయువాడు కాడు. కరవులో నున్న పల్లెయు పూజగదిలో నిండు మూర్తినే కోరుకొనును. మట్టిగుఱ్ఱము బక్కచిక్కిన యేడును బలిసిన గుఱ్ఱముగానే చేయబడును. జామినీ రాయ్ చిత్రించినది పల్లె బ్రతుకును కాదు, బ్రతుకును నిలుపుకొనుటకు పల్లె కల్పించుకొన్న రూపములను. ఈ భేదము తెలిసికొన్నచో ఆయనయందు లేనిదానిని వెదకుట మానుదుము. అయినను లోపము లోపమే. ఆ యేటి వంగపల్లె ముఖమెట్లుండెనో తెలియగోరువారు ఆబెదీన్ వద్దకును, చిత్తప్రసాద్ వద్దకును పోవలెను. ఒకే మూర్తిని పలుమార్లు వ్రాయుటవలన కొన్ని చిత్రములలో రేఖ బిగువు సడలినదనుటయు సత్యమే.

ఆయన సమస్య వంగదేశమునకు మాత్రమే చెందినది కాదు. వరంగల్లు సీమలోని చేర్యాల గ్రామమున నకాషీ చిత్రకారులు ఇట్టి పల్లెపటములనే వ్రాసిరి. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, తుమ్మబంక కలిపి పూసి, ఎఱ్ఱని నేలపై కులపురాణములను వరుసలుగా చిత్రించి, కథకులకు ఇచ్చెడివారు. కథకుడు ఆ పటమును ఊరి నడుమ వ్రేలాడదీసి, బొమ్మ వెంట బొమ్మ చూపుచు రాత్రులు కథ పాడెడివాడు. వంగ పటువాయు తన చుట్టపటమును విప్పుచు పాట పాడును. రెండు దేశముల చిత్రకారులును ఒకరినొకరు ఎఱుగరు; చింతగింజ మాత్రము ఇద్దరికిని ఒక్కటే. సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య (1925–2012) ఆ నకాషీ రేఖను తన చిత్రములలోనికి తెచ్చి, తెలంగాణ పల్లెల బోనములను, బతుకమ్మను, వృత్తులవారిని చిత్రించి దేశఖ్యాతి గడించెను. ఊరి చిత్రకారుని చిన్నచూపు చూడక, ఆతనినే గురువుగా భావించిన ఆధునికులు తెలుగుదేశమునను కలరనుటకు ఇది నిదర్శనము.

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము జామినీ రాయ్‌ను సముచితముగా గౌరవించెను. 1954లో పద్మభూషణ పురస్కారము, 1955లో లలితకళా అకాడమీ సభ్యగౌరవము ఆయనకు లభించెను. బాలీగంజిలో కట్టుకొన్న యింట కడవరకును రంగు నూఱుకొనుచు, 1972వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన, ఎనుబదియైదవ యేట ఆయన కన్నుమూసెను. ఆ సంవత్సరముననే పురావస్తు కళానిధుల శాసనము చేయబడెను. ఆ శాసనము క్రింద 1976లో ఆయన చిత్రములు జాతీయ కళానిధులుగా ప్రకటింపబడెను. రవివర్మ, అమృతా షేర్‌గిల్, రవీంద్రనాథ ఠాకూరు, నందలాల్ బోసు మున్నగు తొమ్మండుగురు చిత్రకారులకు మాత్రమే ఈ స్థానము లభించినది. ఆ చిత్రములను దేశము దాటించి అమ్మరాదు. 2023లో డీఏజీ అను కళాసంస్థ బాలీగంజిలోని ఆయన గృహమును కొని, దానిని ఆయన పేరిట ప్రదర్శనశాలగా తీర్చబోవుచున్నట్లు ప్రకటించెను.

ఇందొక వింత కలదు. గుమాస్తా గోడకొరకని చవుకగా వ్రాయబడిన చిత్రము నేడు వేలంపాటలలో లక్షలు పలుకుచున్నది. ఎన్నియైన వ్రాయవచ్చునని ఆయన నమ్మిన చిత్రమునకు, ఇది ఆయన చేతిదేనా, కుమారుని చేతిదా, కూటసృష్టియా యని పరీక్షలు జరుగుచున్నవి. ఒక్కచేతి పనియను భావమును ఆయన జీవితమంతయు ధిక్కరించెను. లోకము మరల ఆ కొలబద్దతోనే ఆయనను కొలుచుచున్నది. అప్పటి కలకత్తా గృహిణి కొలది రూపాయలకు కొని వంటయింటి గోడకు తగిలించిన తల్లీబిడ్డల బొమ్మ నేడు ఇనుపపెట్టెలో దాగవలసివచ్చినది.

కాని ఆయన ఆశయము పూర్తిగా ఓడిపోయినదనుట సరికాదు. అది ఆయన చిత్రములలో కంటె ఆయన నేర్చుకొన్నచోటనే బ్రతికియున్నది. పశ్చిమ మేదినీపుర జిల్లా పింగ్లా ప్రాంతమున నయా అను గ్రామము కలదు. అచట చిత్రకరులను ఇంటిపేరు గల పటువాల కుటుంబములు నేటికిని పటములు వ్రాయుచున్నవి. మతముచే ముసల్మానులైన ఆ కుటుంబములవారు రామకథను, మనసాదేవి కథను, నేటి లోకవార్తలను గూడ పటముపై చిత్రించి పాడుచున్నారు. చేర్యాలలోను నకాషీ కుటుంబములు ఆ వృత్తిని విడువలేదు. వేలము పాడి జామినీ రాయ్ చిత్రమును కొనుట జీతగాండ్రకు సాధ్యము కాకపోవచ్చును. నయా గ్రామపు పటమునో, చేర్యాల పటమునో, వ్రాసినవాని చేతినుండియే, తగిన వెలయిచ్చి, ఇంటికి తెచ్చుకొనుట సాధ్యమే. చిత్రము ఎవరి గోడకొరకను ఆయన ప్రశ్నకు ఆ గోడయే తగిన సమాధానము.